మూర్ఛ పుస్తకానికి పసుపు బొట్లు

మా నాన్న జోడు వాసన నాకు తెలిసినంతగా మా నాన్నకి కూడా తెలీదు. ఆయన వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ జోట్లో గ్రీజు, ఇనప రజను, రోజంతా నానిన చెమట, ఏ వ్యాగను మూలనో మురిగిపోయిన ధాన్యం కంపు అన్నీ కలిసి ఉండేవి. నాకు మూర్ఛ వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ముందు వెతికేది దాన్నే. నాన్న డ్యూటీలో ఉంటే అన్నయ్య బూట్లు, అవీ లేకపోతే పక్కింటి మామయ్యవి. తోలు వాసన చూపిస్తే మూర్ఛ దిగిపోతుందని ఆ వర్క్‌షాపువాళ్ళుండే మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ళకీ, హిందీవాళ్ళకీ, గుడికెళ్ళేవాళ్ళకీ, చర్చికెళ్ళేవాళ్ళకీ ఒకటే నమ్మకం. కుళాయి నీళ్ళ దగ్గర కూడా కుదరని ఏకాభిప్రాయం నా ముక్కు దగ్గర కుదిరింది.

మూర్ఛ కాసేపటికి దానంతట అదే దిగుతుంది. దిగాక పేరు మాత్రం జోడుకి వచ్చేది. నేను కళ్ళు తెరిచేసరికి పై పెదవి మీద మట్టి, ముక్కు నిండా కంపు, నోట్లో కొరుక్కున్న నాలుక రక్తం. చేతి వెనకవైపుతో ముక్కు కింద తుడుచుకుని, ఆ చేతినే వాసన చూసుకునేదాన్ని. ఈసారి ఎవరి జోడో అలా తెలిసేది. తెలిశాక వాంతి చేసుకునేదాన్ని. అప్పుడు అమ్మ నా మీదకి వంగి చెవిలో అడిగేది. దెబ్బ తగిలిందా అని కాదు.

"ఎవులైనా సూసినారేటే?"

ఇంట్లో పడ్డా అదే మాట, సందులో పడ్డా అదే మాట. సందులో పడితే చూడకుండా ఎలా ఉంటారు? అయినా అడిగేది. ఎవరూ చూడలేదని నేను అబద్ధం చెప్పేదాకా నా చెయ్యి వదిలేది కాదు. జోడు కంపు స్నానం చేస్తే పోయేది. ఆ ప్రశ్న మీద నాకు కలిగిన రోత ఏ సబ్బుకీ పోలేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి రాయ్‌పూర్ వచ్చాడు. అమ్మ ఈ కాలనీలోనే పుట్టింది, హిందీ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. నేనూ హిందీ మీడియమే. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్ళలో డిగ్రీ పూర్తి చేసి, హిందీ టైపింగు నేర్చుకుని, ఎక్కడ పడిపోతానో అన్న భయంతో ఏ ఉద్యోగానికీ వెళ్ళనివ్వక ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లని.

ఆ రోజుల్లో ఊళ్ళో నరాల డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ళలో ఒకాయన తెలుగువాడని, గోదావరి వైపు మనిషని, టాటీబంధ్ చౌరస్తాలో లారీ విడిభాగాల దుకాణం మీద మేడ గదిలో కూర్చుంటాడని కాలనీలో చెప్పుకున్నారు. అప్పటికే జుట్టంతా నెరిసిపోయిన మనిషి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. పెద్ద ఊళ్ళలో పెద్ద ఉద్యోగాలు చేసి, మెదడు జబ్బులకి డాక్టరంటూ ఎవరూ దొరకని చోట కూర్చోవాలని ఇటు వచ్చాడట. చౌరస్తా ఎందుకంటే ఊరి బయట ధర్సీవా ఫ్యాక్టరీల నుంచి వచ్చే కూలీలు ఎటు నుంచి బస్సెక్కినా అక్కడ దిగుతారు. ఇప్పుడక్కడ ఫ్లైఓవరు కట్టారు. ఆ మేడ లేదు, ఆయనా లేరు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ కుర్చీలో కూర్చోకుండానే అబద్ధం మొదలుపెట్టింది. "ఏటీ లేదు బాబూ, ఎండకి కళ్ళు తిరుగుతున్నాయంతే. నీరసం. బిల్కుల్ నీరసం." ఆయన ఆవిడ మాట పూర్తిగా విన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"జోడు వాసన చూపిస్తారా అమ్మాయ్?"

తల ఊపాను.

"తోలా, రబ్బరా?"

నన్ను ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "తోలేనండి. ఒక్కొక్కసారి రబ్బరు," అన్నాను.

"రబ్బరు మరీ ఘోరం," అని ఆయన మొహం ఎంత వికారంగా పెట్టారంటే, ఆ జోడు ఆ క్షణాన ఆయన ముక్కు దగ్గరే ఉందేమో అనిపించింది. ఈ లోకంలో నాలాగే దాన్ని అసహ్యించుకునే ఇంకో మనిషి ఉన్నందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. తల నిండా జిగురు రాసి, తీగలు అంటించి, కాగితం మీద గీతలు గీయించి, మందు బిళ్ళలు రాసిచ్చారు. ఆ జిగురు వదలక వారం పాటు నా జుట్టు పాత చీపురులా ఉంది. కానీ బిళ్ళలు పనిచేశాయి. రెండు నెలల్లో నేను పడటం బాగా తగ్గింది.

ఆయనకి వైద్యంతో పాటు ఇంకో పని ఉండేది. కుర్రతనం నుంచీ ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో ఉన్నది తెలుగులోకి దించేవారు. పక్షవాతం గురించి, తలనొప్పి గురించి, వణుకుడు జబ్బు గురించి, అన్నిటికన్నా ఎక్కువగా మూర్ఛ గురించి. రాసేవారు, కొట్టేసేవారు, మళ్ళీ రాసేవారు. మధ్యాహ్నం టీ అయ్యాక జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి, ఏదో నోట్లో వేసుకుని, "అరుగుదలకి" అనేవారు. మళ్ళీ కలం పట్టుకునేవారు.

ఆయన పద్ధతి ఒకటి ఉండేది. రాసిన ముక్కని రోగికో, రోగి వెంట వచ్చినవాళ్ళకో చదివి వినిపించి, "ఏదీ, ఒకసారి తిరిగి చెప్పమ్మా," అనేవారు. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ ఆయన వాక్యం కొట్టేసి వాళ్ళ వాక్యం పెట్టుకునేవారు. ధర్సీవా నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ ఆడమనిషికి హిందీలో చదివితే ఆవిడ తన భాషలో "జూతా ఝన్ సుంఘావవ్," అంది. జోడు వాసన చూపించకండి అని. ఆయన సంబరంగా రాసుకున్నారు. "నేను రాసింది నాది, తను తిరిగి చెప్పింది తనది. ఆ రెండూ ఒకటయ్యేదాకా అది అనువాదం కాదు," అనేవారు. అమ్మ చేత కూడా చాలాసార్లు చెప్పించారు. అమ్మ గుక్కతిప్పుకోకుండా చెప్పేది. అవన్నీ నోటితో చెప్పి, ఇంటికొచ్చి నాన్న జోడు చేతికందేలా గుమ్మం దగ్గర పెట్టుకునేది. అదేమంటే, "ఆయనకి ఆయన సదువు, మనకి మన ఇల్లు," అనేది.

చివరికి పుస్తకం తయారైంది. బెజవాడలో అచ్చు వేయించి, కట్టలు కట్టి తెప్పించారు. పలచటి పుస్తకం, నున్నటి కాగితం, అట్ట మీద ఎర్ర రంగులో మెదడు బొమ్మ. కాలనీలో మూర్ఛ ఉన్న ప్రతి ఇంటికీ, లేని ఇంటికీ పంచారు. ఆ సాయంత్రం ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మా కాలనీలో తెలుగు అచ్చు ఎక్కడ కనిపిస్తుందో ఆయనకి తెలీదు. ఇంటికి వచ్చే పేపరు హిందీ, బడి పుస్తకం హిందీ, రేషను కార్డు హిందీ. తెలుగు అక్షరాలున్నవి రెండే రెండు చోట్ల. మా ఇళ్ళలో దేవుడి గూట్లో, నాయనమ్మల నాటి వ్రతకథల పుస్తకం. చర్చికెళ్ళేవాళ్ళ ఇళ్ళలో బైబిలు, పాటల పుస్తకం. చదవగలిగిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అక్షరాలు మాత్రం గూట్లో మిగిలాయి. కాబట్టి మాకు తెలుగు అక్షరం అంటే దేవుడి అక్షరం. అది చదివేది కాదు, కళ్ళకద్దుకునేది.

అమ్మ చేతులు కడుక్కుని పుస్తకం అందుకుంది. నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టింది. ఆ మెదడు బొమ్మని చూసి మా వీధిలో ఒకావిడ, ఏదో అమ్మవారు ఇంకా రూపం కట్టకముందు అలాగే ఉంటుందని తేల్చింది. దాంతో ఇంకా భక్తి ముదిరింది. ఎదురింటి నర్సు ఆంటీ, ఆస్పత్రిలో సూదులు పొడిచే మనిషి, ఆవిడ కూడా దాన్ని తెరవకుండా బైబిలు లోపల పెట్టుకుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? నాకూ ఆ అక్షరాలు రావు. పువ్వు పెట్టమంటే పెట్టాను.

పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకి నాకు మూర్ఛ వచ్చింది. కళ్ళు తెరిచి అలవాటు ప్రకారం ముక్కు కింద తుడుచుకుని చూసుకుంటే పసుపు, అచ్చు సిరా వాసన. పుస్తకం తెరిచి నా మొహం మీద బోర్లించారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు దణ్ణాలు పెడుతున్నారు. నిజం చెప్పొద్దూ, జోడు కంటే వెయ్యి రెట్లు నయమనిపించింది. మొహం మీద ఏదీ పెట్టకండని రాసి ఉన్న పేజీయే నా మొహం మీద ఉందని అప్పుడు నాకు తెలీదు.

అక్కడితో ఆగి ఉంటే నవ్వుకుని వదిలేసేదాన్ని. అమ్మ బిళ్ళలు ఆపేసింది. బిళ్ళలు ఆవిడ దగ్గరే ఉండేవి, రోజూ ఆవిడే ఇచ్చేది. "పుస్తకం ఇంట్లో ఉండగా దవాయి ఏటికే? రెండూ కలిపితే అమ్మవారి మీద నమ్మకం లేనట్టుంటాది," అంది. ఎదురు చెప్పేంత జ్ఞానం నాకూ లేదు. ఒక రోజు పొయ్యి మీద కూర కలుపుతూ అలాగే ముందుకి పడిపోయాను. ఎడం చెయ్యి మోచేతి దాకా కాలింది. తెలివొచ్చేసరికి కాలిన చేతి మీద పళ్ళ పేస్టు, మొహం మీద పుస్తకం. నా చర్మం కాలిన కంపు నాకే తగులుతోంది. అమ్మ ఏడుస్తూ, ఆ ఏడుపులోనే, "కిటికీ తీసుందే, ఎవులైనా సూసినారేటే," అంది. ఆ క్షణంలో మా అమ్మంటే నాకు కలిగిన అసహ్యం ఇప్పుడు రాస్తుంటే కూడా అలాగే ఉంది.

డాక్టరుగారు చేతికి కట్టు కట్టించి, బిళ్ళలు ఎందుకు మానావని అడిగారు. అమ్మ గర్వంగా పుస్తకం మహిమ చెప్పింది. ఆయన లేచి, మా వెంట ఆటో ఎక్కి ఇంటికొచ్చారు. దేవుడి గూడు ముందు నిలబడ్డారు. పసుపు పిడచ కట్టిన అట్ట, దాని మీద మందార పువ్వు, అగరొత్తి నుసి. పువ్వు తీసి పక్కన పెట్టి, పుస్తకం తెరిచి, నా చేతికిచ్చారు.

"చదువమ్మాయ్."

"రాదండి."

"మీ అమ్మ?"

అమ్మ నేల చూపులు చూసింది. గుమ్మం దగ్గర చేరిన నలుగురూ కూడా. ఆయన మొహం వికారంగా మారిపోయింది, ఆ రోజు రబ్బరు జోడు మాట అన్నప్పటిలాగే. మమ్మల్ని చూసి రోత పుట్టిందనుకున్నాను. కాదు.

"అన్నిసార్లు నేనే చదివాను. ఒక్కసారైనా మీ చేతికిచ్చి చదవమన్నానా? ఛీ, నాదీ ఒక అనువాదమేనా!" అని ఆ పసుపు చేత్తోనే నుదురు కొట్టుకున్నారు. ఆటోలో కూర్చునేదాకా ఆ పసుపు నుదుటి మీదే ఉంది. చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

చేతి కట్టు విప్పిన మర్నాటి నుంచి నన్ను పనిలో పెట్టుకున్నారు. మా తెలుగుని, మేము ఇంట్లో మాట్లాడుకునే సిక్కోలు తెలుగుని, హిందీ మాటలు ఎక్కడివక్కడ ఉంచేసి, హిందీ అక్షరాల్లో టైపు చేయించారు. నాకు మాట తెలుసు, ఆయనకి విషయం తెలుసు. ఒక్కొక్క వాక్యానికీ పోట్లాడుకునేవాళ్ళం. ఖాళీ దొరికినప్పుడు నాకు తెలుగు అక్షరాలు నేర్పారు. ఇప్పుడు రాస్తున్నవి అవే.

కొత్త పుస్తకాన్ని ఈసారి అమ్మ చేతికిచ్చి, తను వెనక్కి వాలి కూర్చున్నారు. అమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "జోడు... ముక్కుకాడ... ఎట్టకండి. పక్కకి... తిప్పి... పడుకోబెట్టండి. నోట్లో ఏటీ... కుక్కకండి." ఆగి, అనుమానంగా చూసింది.

"ఇది మనం మాటాడుకున్నట్టే ఉంది కదేటి బాబూ. దేముడు ఇలగెందుకు మాటాడతాడు?"

"దేవుడు కాదు తల్లీ, నేనే."

ఆ పుస్తకానికి పసుపు పెట్టలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పడేసింది. నూనె మరకలు పడ్డాయి, అంచులు నలిగాయి, కానీ చదివింది. బిళ్ళలు మళ్ళీ మొదలయ్యాయి. నాన్న జోడు గుమ్మం దగ్గర నుంచి బయట అరుగు మీదకి మారింది. ఒక్క నాలుగో పేజీ దగ్గరే అమ్మకి మంట. "దాచకండి, నలుగురికీ చెప్పండి, చూసినవాళ్ళకి ఏం చెయ్యాలో తెలుస్తుంది" అని ఉండేది అక్కడ. అది వచ్చేసరికి పుస్తకం మూసేసేది. "ఇదొక్కటీ ఫాల్తూ మాట. ఆయనకేటి, పడేది ఆయన కాదు కదా," అనేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో పెద్ద పెద్ద ఆస్పత్రులొచ్చాయి, కుర్ర డాక్టర్లొచ్చారు. అప్పుడు మా ఊరి తెలుగు సంఘంవాళ్ళకి ఈయన గుర్తొచ్చారు. తెలుగులో వైద్యం రాసిన పెద్దమనిషికి శాలువా కప్పుతామన్నారు. ఆయన నా చేత హిందీ అక్షరాల పుస్తకాల కట్ట మోయించుకుని వెళ్ళారు. అమ్మా వచ్చింది.

సంఘం అధ్యక్షుడు ఏదో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. నల్లటి బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. పుస్తకాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తారు.

"ఇదేంటండీ డాక్టరుగారూ! తెలుగుకి ఈ గతి పట్టించారు? చూస్తేనే రోతగా ఉంది."

"మీ మనవలు ఏ అక్షరాలు చదువుతారండీ?" అని అడిగారు ఈయన.

అధ్యక్షుడు వినపడనట్టే కట్టని బల్ల కిందకి తోయించారు. మొదటి పుస్తకం, తెలుగు అక్షరాలది, ఎక్కడి నుంచో సంపాదించి వేదిక మీద పెట్టారు. దాని మీద పువ్వులు చల్లారు. మా అమ్మ ఐదో క్లాసు చదువుతో చేసిన పనే వీళ్ళు మైకు పెట్టి చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉపన్యాసాలు సాగుతూనే ఉన్నాయి. తెలుగు తియ్యదనమట, తల్లిపాలట. ఒక్కరైనా ఆ పుస్తకం తెరవలేదు. భోజనం వేళ దాటింది, టీ వేళ దాటింది. హాల్లో ఉక్క. డాక్టరుగారు మధ్యలో ఒకటి రెండుసార్లు జేబు మీద చెయ్యి వేసుకుని, అందరూ చూస్తున్నారని కాబోలు, తీసేశారు.

చివరికి ఆయన్ని మాట్లాడమన్నారు. లేచారు. శాలువా సర్దుకుని, మైకు పట్టుకుని, "ఈ సభలో..." అని ఆగిపోయారు. మెడ ఒక పక్కకి తిరిగిపోయింది. వేదిక మీద బోర్లా పడిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టారు. బయట నుంచి మూర్ఛని నేను క్లినిక్‌లో ఎన్నోసార్లు చూశాను. నేను లేచేసరికి అధ్యక్షుడు అప్పటికే వంగి, బూటు లేసు విప్పుతున్నారు. విప్పి, ఆ మెరిసే బూటుని, మూర్ఛ గురించి జీవితమంతా రాసిన మనిషి ముక్కుకి ఆనించారు. చుట్టూ ఉన్న పెద్దమనుషులు "ఇంకొంచెం దగ్గరగా, ఇంకొంచెం దగ్గరగా" అంటున్నారు. నేను నా ముక్కు అదిమి పట్టుకుని నిలబడిపోయాను.

"తియ్యండి బాబూ ఆ జోడు! తియ్యమంటంటే!"

అమ్మ. మూడో వరసలోంచి ఎప్పుడు లేచిందో, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి వేదిక ఎక్కేసింది. బూటుని చేత్తో ఒక్క తోపు తోసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. "జరగండి, గాలి ఆడనివ్వండి," అని అరుస్తూ ఆయన కళ్ళజోడు తీసి, పక్కకి తిప్పి, శాలువా మడిచి తల కింద పెట్టి, మెడ గుండీ వదులు చేసింది. చేసే ప్రతి పనికీ పుస్తకంలో వాక్యం పైకి చెబుతోంది. నోట్లో నీళ్ళు పొయ్యబోయిన ఒకాయన చేతి మీద కొట్టింది.

ఆయన జేబులోంచి రేకు డబ్బీ జారి మూత ఊడిపోయింది. బిళ్ళలు చెదిరాయి. నేనూ వేదిక ఎక్కి ఏరబోయి ఆగిపోయాను. తెల్లటి బిళ్ళ, మధ్యలో గీత. రోజూ నేను వేసుకునేదే. అరుగుదలకట!

ఏం దాస్తాను, నాకు ఆయన మీద కూడా అసహ్యమే కలిగింది ముందు. దాచకండి అని నా చేత టైపు చేయించిన మనిషి. అన్నేళ్ళు పక్కనే కూర్చుని నాకు ఒక్క మాట చెప్పని మనిషి.

కొట్టుకోవడం తగ్గింది. ఊపిరి నెమ్మదించింది. చాలాసేపటికి కళ్ళు తెరిచారు. ఎవరి వంకా చూడలేదు. చెయ్యి మెల్లగా పైకెత్తి, చేతి వెనకవైపుతో ముక్కు కింద తుడుచుకున్నారు. ఆ చేతిని వాసన చూసుకున్నారు. ఆ పని నేను తప్ప ఇంకెవరూ చేయరనుకున్నాను. తోలా, రబ్బరా అని ఆయన ఆ రోజు ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు ఎవరి జోళ్ళో, ఎన్నిసార్లో.

అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ గొంతు డాక్టరుది కాదు, చిన్నపిల్లాడిది.

"ఎవరైనా చూశారా?"

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. కాలిన నా చేతిని కూడా చూసింది. తర్వాత ఆయన మీదకి వంగి, చెవిలో కాదు, హాలంతా వినపడేలా చెప్పింది.

"అందరూ సూసినారు బాబూ. ఏటీ కాలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఏదీ, ఒక్కపాలి తిరిగి సెప్పండి," అంది అమ్మ.

ఆయన కళ్ళు తెరిచి అమ్మ వంక చూశారు. తర్వాత "అందరూ చూశారు," అన్నారు. రెండో ముక్క అనలేకపోయారు. అమ్మ ఆయన చెయ్యి వదలకుండా, అనేదాకా అక్కడే కూర్చుంది.